అక్క బూట్లు, నా కాళ్లు

అక్క బూట్లు నేను వేసుకుని తిరగడం మొదలుపెట్టి అప్పటికి నెల రోజులు కావస్తోంది. ఉదయం లాండ్రీకి వెళ్లేటప్పుడు అవే. ఎనిమిది గంటలు తడి నేల మీద నిలబడేటప్పుడు అవే. సాయంత్రం ఇంటికొచ్చి, బ్యాగు వీపుకు తగిలించుకుని మెట్లు ఎక్కి దిగేటప్పుడూ అవే. బొటనవేలంత మందం రబ్బరు సోలు, చీలమండ దాకా లేసులు, చెక్కలా బిగుసుకుపోయిన తోలు. రెండొందల కిలోమీటర్లు నడిస్తే గానీ ఈ బూట్లు కరవడం మానవని అమ్మినవాడు అక్కతో చెప్పాడట. యాత్ర చేయాల్సింది అక్క, కరిపించుకుంటున్నది మాత్రం నేను.

అక్క నడవబోయే దారి చాలా పాతది. ఒక పునీతుడి సమాధి ఉన్న చర్చి దాకా ఏడువందల కిలోమీటర్ల పైచిలుకు నడవాలి. కొండలూ పొలాలూ ఊళ్లూ దాటుకుంటూ ముప్పై అయిదు రోజులు పడుతుంది. దారి పొడుగునా యాత్రికుల సత్రాలుంటాయి. ప్రతి మజిలీలోనూ యాత్రికుల చేతిలోని చిన్న పుస్తకంలో ఒక ముద్ర వేస్తారు. చివరి ముద్ర పడితే మొక్కు తీరినట్టు. మా చర్చి నుంచి ఏటా ఎనిమిది పదిమంది వెళ్తారు. వాళ్లను తీసుకెళ్లేది రిటైరైన పోస్టుమాన్ గారు. ఆయన ముప్పై ఏళ్లు ఉత్తరాలు పంచుతూ నడిచిన మనిషి. నడక మానేస్తే కాళ్లు తుప్పు పడతాయని భయపడి, ఇప్పటికి ఏడెనిమిదిసార్లు ఆ దారిన వెళ్లొచ్చారు.

ఇక అక్క మొక్కు సంగతి. ఆరేళ్ల కింద నేను పనిచేసే ఆసుపత్రి లాండ్రీలోనే సబ్బునీళ్ల మీద కాలు జారి పడ్డాను. ఎడమ తుంటి విరిగింది. ఒక ఆపరేషన్ చేశారు, అది చీము పట్టింది, ఇంకొకటి చేశారు. నేను ఉతికి మడతపెట్టిన దుప్పట్ల మీదే రెండు నెలలు పడుకున్నాను. ఒకరోజు డాక్టరు తలుపు దగ్గర అక్కను ఆపి, లేచి నడవడం అనుమానమేనని చెప్పడం నాకు వినిపించింది. కళ్లు మూసుకుని ఉన్నాను గానీ మెలకువగానే ఉన్నాను. అక్క వచ్చి మంచం కమ్మీకి నుదురు ఆనించి పైకే మొక్కుకుంది.

"మా చెల్లి లేచి మునుపటిలా నడిస్తే, నీ సమాధి దాకా నా కాళ్లతో నడిచొస్తాను."

అక్క బడిపంతులమ్మ. చివరి బెంచీకి వినపడేలా మాట్లాడటం ముప్పై ఒక్క ఏళ్ల అలవాటు. మొక్కు కూడా అదే గొంతుతో మొక్కింది. వార్డులో అందరూ విన్నారు, నేనూ విన్నాను.

నాలుగు నెలలకు లేచాను. నడిచాను కూడా. మునుపటిలా మాత్రం కాదు. ఎడమకాలు అర అంగుళం పొట్టిదైపోయింది. ఇక అంతేనని డాక్టరు నాతో విడిగా చెప్పాడు. ఈ ముక్క అక్కతో ఎలా చెప్పాలా అని నేను మాటలు వెతుక్కుంటూ ఉండగానే ఆదివారం వచ్చింది. పూజ అయ్యాక అక్క లేచి నిలబడి, మా చెల్లి మునుపటిలా నడుస్తోందని చర్చి మొత్తానికి సాక్ష్యం చెప్పేసింది. జనమంతా నా వైపు తిరిగారు. ముసలమ్మలు కళ్లు తుడుచుకున్నారు. ఏం చేయను? ఎడమ మడమను కొంచెం పైకెత్తి, మునివేళ్ల మీద బరువు మోపి, పళ్లు బిగబట్టి, ముందు బెంచీ నుంచి తలుపు దాకా తిన్నగా నడిచి వెళ్లాను. బయట గోడ పట్టుకుని నిలబడితే కాలు గజగజ వణికింది.

ఆ నడకే నాకు గుదిబండ అయింది. అప్పటి నుంచి ఆరేళ్లుగా అక్క ఎదుట తిన్నగా నడుస్తూనే ఉన్నాను. లాండ్రీలో ఇస్త్రీ బల్ల మీద పరిచే మందపాటి ఉన్ని గుడ్డ చిరిగిపోతే దాన్ని మడమ ఆకారంలో కత్తిరించి, మూడు పొరలు కుట్టి, ఎడమ చెప్పులో పెట్టుకునేదాన్ని. పనిలో ఉన్నంతసేపూ ఆ బాధ లేదు, ఎంత కావాలంటే అంత కుంటేదాన్ని. నా అడుగులు ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా పడతాయని అక్కడివాళ్లు నాకు గడియారం అని పేరు పెట్టారు. నా ఎదురుగా నిలబడి పనిచేసే ఇస్త్రీ ఆవిడైతే, తడి దుప్పట్ల బండి తోసుకుంటూ నేను వస్తుంటే గోడగడియారం వైపు చూసి, ఇవాళ రెండు నిమిషాలు ఆలస్యంగా నడుస్తున్నావే అనేది. ఆమె ముందు కుంటడం ఎంత హాయో చెప్పలేను.

మా ఇల్లు చిన్నది. కింద అక్క గది, వంటిల్లు, పైన నా గది. మధ్యలో పదిహేడు చెక్కమెట్లు. ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తలో, గదులు మార్చుకుందాం, నువ్వు కిందుండు అని అక్క అంది. మునుపటిలా నడిచేదానికి కిందగది ఎందుకని నేనే వద్దన్నాను. ఆ ఒక్క మాటకు రోజుకు నాలుగుసార్లు పదిహేడు మెట్లు లెక్కన ఆరేళ్లుగా శిక్ష పడింది. పైకి చేరి తలుపు వేసుకున్నాక మాత్రం నా రాజ్యం. చెప్పు విసిరేసి, కుంటుకుంటూ కిటికీ దాకా, కుంటుకుంటూ మంచం దాకా.

ఇంతా చేస్తే అక్క కదిలేది కాదు. మొదటి ఏడాది పోస్టుమాన్ గారు వచ్చి పేరు రాసుకోనా టీచరమ్మా అని అడిగితే, పిల్లలకు పరీక్షలు అంది. రెండో ఏడాది బడికి కొత్త గదులు కడుతున్నారు అంది. మూడో ఏడాది తన మోకాలు. నాలుగో ఏడాది వానలు ఎక్కువట. అయిదో ఏడాది, ఎలాగూ వచ్చే ఏడు రిటైరవుతాను కదా అంది. ఆయన ప్రతిసారీ కాఫీ తాగి వెళ్లిపోయేవారు. నాకు లోపల ఉడికిపోయేది. పైకి ఏమనగలను? నువ్వు త్వరగా వెళ్లి నీ మొక్కు తీర్చుకుంటే, ఆ తర్వాత ఒకరోజు పొద్దున్నే లేచి, అక్కా కాలు కొంచెం నొప్పిగా ఉందే అని చెప్పి, నడివీధిలో హాయిగా కుంటుకుంటూ బతుకుతాను కదా అని అనగలనా? కానీ నాకు కావలసింది అదే. పునీతుడి దగ్గర చివరి ముద్ర పడిపోవాలి. మొక్కు లెక్క తెగిపోవాలి. అది తెగేలోపు అక్కకు నా కాలి సంగతి తెలిస్తే, మునుపటిలా అన్న మాట పట్టుకుని కూర్చుంటుంది. అక్క దేవుడి దగ్గర కూడా అచ్చుతప్పులు దిద్దే రకం.

ఈ ఏడాది రిటైరైంది. బూట్లు కొంది. కొని, పెట్టెతో సహా మంచం కిందికి తోసేసింది. రెండు నెలలు అవి అక్కడే ఉన్నాయి. ఊడ్చేటప్పుడల్లా చీపురుకు తగిలేవి. చివరికి నేనే బయటికి లాగి, నువ్వెలాగూ అలవాటు చేయవు, నేను చేసిపెడతాను ఇలా ఇవ్వు అన్నాను.

ఇది మా ఇంట్లో కొత్త సంగతేం కాదు. చిన్నప్పుడు కొత్త చెప్పులు ఎప్పుడూ ముందు అక్కే వేసుకునేది. నా పాదాలు సుకుమారమని పేరు. నెలరోజులు అవి అక్క మడమలు కరిచి, బొబ్బలు లేపి, మెత్తబడ్డాక నా దగ్గరికొచ్చేవి. పెద్దయ్యాక ఇద్దరి కొలతా ఒకటే అయినా ఆ అలవాటు పోలేదు. నా మొదటి ఉద్యోగపు బూట్లు కూడా అక్కే వేసుకుని బడికి వెళ్లింది. కాబట్టి ఇప్పుడు నా వంతు అన్నాను.

అక్క నా మొహంలోకి కొంచెం ఎక్కువసేపు చూసింది. నీ కాళ్లు ఓర్చుకుంటాయా అని అడిగింది. నా కాళ్లకేమొచ్చింది అన్నాను.

అలా ఆ బూట్లు నా కాళ్లకెక్కాయి. ఎడమదాంట్లో నా ఉన్ని మడమ పెట్టుకున్నాను. మొదటివారం రెండు పాదాలూ పచ్చిపుండ్లయ్యాయి. లాండ్రీలో నిలబడే పని. ఒక బండి దుప్పట్లు మడతపెట్టేసరికి ఇంకో బండి వచ్చి పడుతుంది. ఆవిరి, తడి నేల, మరకల కోసం పోసే మందు ఘాటు. సాయంత్రానికి కాళ్లు రెండూ నావి కాకుండా పోయేవి. బస్సు దిగి ఇంటికొస్తే, అక్క వంటింటి బల్ల మీద తన యాత్ర సామాను పరుచుకుని, కూరగాయల త్రాసులో ఒక్కొక్కటీ తూచుతూ ఉండేది. ఒంటి బరువులో పదో వంతుకు మించి మోయకూడదని పోస్టుమాన్ గారు చెప్పారట. అందుకని పళ్ల బ్రష్షు పిడి సగానికి కోసింది. దువ్వెన విరిచింది. ప్రార్థనల పుస్తకంలో తనకు కంఠతా వచ్చినవాటి పేజీలు చింపేసింది. అదంతా చేసి ఆదా అయింది గుప్పెడు బరువు. ఆ గుప్పెడు బరువు గురించి నాకు అరగంట చెప్పేది. నేను నిలబడి వినేదాన్ని, తిన్నగా.

ఆ తర్వాత బ్యాగు. నిండుగా మోస్తే దాని పట్టీలు కూడా మెత్తబడాలి కదా. అక్క పార్కు చుట్టూ ఖాళీ బ్యాగుతో రెండు చుట్లు తిరిగి, భుజాలు పీకుతున్నాయని వచ్చేసేది. అందుకని నేనే అందులో ఆరుకిలోల సబ్బుపొడి పొట్లాలు నింపుకుని మెట్లు ఎక్కి దిగేదాన్ని. పది సార్లు ఎక్కి పది సార్లు దిగితే తలప్రాణం తోకకొచ్చేది. పదోసారి ఎక్కాక ఇక వంగి లేసులు విప్పే ఓపిక కూడా ఉండేది కాదు. బూట్లతోనే గదిలో తిరిగి, బూట్లతోనే కిటికీ తీసి, పడుకునే ముందు మాత్రమే వాటిని వదిలించుకునేదాన్ని. కోపం ఎవరి మీదో కూడా తెలిసేది కాదు. అక్క మీదా, పునీతుడి మీదా, ఆ అమ్మినవాడి మీదా సమానంగా పంచేదాన్ని.

అలా రెండువారాలు గడిచాయో లేదో, ఒక మధ్యాహ్నం అక్క యాత్రికుల పుస్తకం పట్టుకుని వచ్చింది. మొదటి పేజీలో తన పేరు, మా చర్చి ముద్ర. పేరిచ్చేశాను చిట్టీ, ఇంకో అయిదు వారాల్లో ప్రయాణం అని చెప్పింది. గొంతులో పండుగ. నన్ను గట్టిగా పట్టుకుని నుదుటి మీద సిలువ గుర్తు వేసింది. ఆరేళ్లుగా రాని వేగం ఇప్పుడెక్కడి నుంచి వచ్చిందా అనుకున్నాను. రిటైరైంది కదా, తీరిక దొరికిందిలే అని సరిపెట్టుకున్నాను. స్నానాల గదిలోకి వెళ్లి కుళాయి విప్పి కాసేపు ఏడ్చాను. అది సంతోషమో అలసటో విడదీసి చూసుకునే ఓపిక లేదు. ఇంకో అయిదు వారాలు, ఆ పైన ముప్పై అయిదు రోజులు. అంతే.

ప్రయాణానికి మూడువారాల ముందు ఒక శనివారం పోస్టుమాన్ గారు అందరికీ పరీక్ష నడక పెట్టారు. కొండ మీద పాత చర్చి దాకా తొమ్మిది కిలోమీటర్లు, తిరిగి తొమ్మిది. తెల్లవారగానే నేను బూట్లలోంచి ఉన్ని మడమ తీసి దాచేశాను. బూట్లు తడిగుడ్డతో తుడిచి, అక్క పాదాలకు తొడిగి, లేసులు కట్టాను. చేతులకు తోలు వెన్నలా తగిలింది. అక్క నాలుగడుగులు వేసి, ఎడమది కొంచెం వదులుగా ఉందేమో అంది. మేజోళ్లు మందమైనవి వేసుకోమన్నాను. నాకు అంతకుమించి తట్టలేదు, నిజంగా తట్టలేదు.

మధ్యాహ్నం భోజనం తెస్తానని మాటిచ్చాను కాబట్టి రొట్టెలు, ఉడికించిన గుడ్లు డబ్బాలో పెట్టుకుని బస్సులో కొండ చర్చికి చేరాను. ఆవరణలో ఎవరూ లేరు. చెప్పులు విప్పేసి, కుంటుకుంటూ కుళాయి దగ్గరికెళ్లి సీసాలు నింపాను. రాతి బెంచీ మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాను. ఎండ పాదాల మీద పడుతుంటే అలాగే సాయంత్రం దాకా ఉండిపోవాలనిపించింది.

పన్నెండున్నరకు జట్టు వచ్చింది. ఎనిమిదిమంది మాట్లాడుకుంటూ ముందొచ్చారు. వాళ్ల వెనక చాలాసేపటికి అక్క, పోస్టుమాన్ గారి భుజం పట్టుకుని. మొహం పాలిపోయింది. బెంచీ మీద కూలబడ్డాక ఆయనే మోకాళ్ల మీద కూర్చుని బూట్లు విప్పారు. కుడిపాదానికి ఏం కాలేదు. ఎడమ మేజోడు మడమ దగ్గర ఎర్రగా తడిసిపోయింది. చీలమండ బయటివైపు వాచి ఉంది. మూడో కిలోమీటరు నుంచీ కాలు పక్కకు మడత పడుతూనే ఉందట. బూట్లు బాగానే అలవాటయ్యాయి కదా, తప్పు తన నడకదేననుకుని అక్క నోరెత్తలేదట.

పోస్టుమాన్ గారు ఎడమ బూటులోకి చెయ్యి పెట్టి తడిమారు. తర్వాత దాన్ని తిరగేసి సోలు చూశారు. కుడిబూటు పక్కన పెట్టి మళ్లీ చూశారు. నేనూ చూశాను. కుడి సోలు గళ్లు ఇంకా కొత్తగా ఉన్నాయి. ఎడమ సోలు బయటి అంచు, మడమ నుంచి చిటికెనవేలు దాకా, వాలుగా అరిగిపోయి నున్నగా మెరుస్తోంది.

"ఈ బూట్లు అలవాటు చేసిన మనిషికి ఎడమకాలు పొట్టి, టీచరమ్మా. బరువంతా బయటికి తోసి నడుస్తుంది. ఇలా అరగాలంటే ఆ మనిషి చాలా నొప్పితో నడిచి ఉండాలి. ఎవరు వేసుకున్నారు ఇవి?"

అక్క ఆయన వైపు చూడలేదు. నా వైపూ చూడలేదు. వట్టిపాదాలతో నేను ఎక్కడ నిలబడ్డానో అక్కడి నుంచి కుళాయి దాకా దుమ్ములో నా అడుగుజాడలు పడి ఉన్నాయి. ఒకటి నిండు పాదం, ఒకటి సగం పాదం. అక్క వాటిని చూస్తూ కూర్చుంది. రొట్టె ముట్టలేదు.

ఇద్దరం బస్సులో ఇంటికొచ్చాం. ఇంటికొచ్చాక నేను వేడినీళ్లలో ఉప్పు కలిపి బేసిను ఆమె ముందు పెట్టాను. అక్క పాదాలు అందులో ముంచి, మంటకు కళ్లు మూసుకుని, అప్పుడు మాట్లాడింది.

"పైన నీ అడుగులు నాకు కిందికి వినిపిస్తాయి చిట్టీ. చెక్కనేల కదా. నువ్వు తలుపు వేసుకోగానే మొదలవుతాయి. ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా."

ఉప్పు గిన్నె ఇంకా నా చేతిలోనే ఉంది. ఎప్పటి నుంచి అని అడిగాను.

"ఆరేళ్ల నుంచి. చర్చిలో చెప్పిన రోజు నిజమనుకునే చెప్పాను. ఆ సాయంత్రమే వినిపించింది. అప్పటికే నువ్వు నా కోసం అంత తిన్నగా నడుస్తున్నావు, నాకు తెలిసిపోయిందని ఎలా చెప్పను? పోస్టుమాన్ గారు వచ్చి అడిగిన ప్రతిసారీ, ఆ సాయంత్రం మంచం మీద కూర్చుని వినేదాన్ని. ఇంకా అలాగే ఉండేది. నేను మొక్కింది మునుపటిలా అని. అది కాకుండా ఎలా వెళ్తాను? నేను వెళ్లిపోతే ఇక ఇంతే చాలని ఆ పునీతుడితో ఒప్పుకున్నట్టే కదా. అందుకే ఏదో ఒక సాకు చెప్పి ఆగేదాన్ని. నా మోకాలికి ఏ రోగమూ లేదు."

నీళ్లు చల్లారుతున్నాయి. అక్క వేళ్లతో నీళ్లను కదుపుతూ కూర్చుంది.

"పోయిన నెల ఆ చప్పుడు ఆగిపోయింది. రెండు అడుగులూ ఒక్కలాగే, మెత్తగా. మూడు రోజులు విన్నాను. నాలుగో రోజు పొద్దున్నే వెళ్లి పేరిచ్చాను."

రబ్బరు సోలు, బొటనవేలంత మందం. లోపల మూడు పొరల ఉన్ని గుడ్డ. వంగి లేసులు విప్పే ఓపిక లేక నేను గదిలో బూట్లతోనే తిరిగిన సాయంత్రాలు. అక్క కింద మంచం మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి, నా బద్ధకాన్ని వింటూ దేవుడికి స్తోత్రాలు చెప్పుకుంది. నాకు నవ్వు వచ్చింది, నిజంగానే వచ్చింది. నోరు తెరిస్తే అది నవ్వులా బయటికి రాలేదు.

"నొప్పిగా ఉందక్కా. ఆరేళ్లుగా రోజూ నొప్పే."

ఆ మాట నా చెవులకే కొత్తగా వినిపించింది. అక్క తల ఊపింది. సోమవారం వెళ్లి పేరు కొట్టేయించుకుంటాను, మొక్కు ఇంకా నెరవేరలేదు కదా అంది. అప్పుడు నాకు ఆరేళ్ల కోపం ఒక్కసారి తన్నుకొచ్చింది. చేతిలో గిన్నె బల్ల మీద కొట్టాను.

"పడుకున్నదాన్ని లేచాను. బండ్లు తోస్తున్నాను, బస్సులెక్కుతున్నాను, నీ సబ్బుపొడి పొట్లాలు మోస్తూ మెట్లెక్కుతున్నాను. నడవడమంటే ఇంకేమిటి? నువ్వు ఆగిపోతే నేను ఇంకో ఆరేళ్లు తిన్నగా నడవాలి. నా వల్ల కాదక్కా, అలసిపోయాను. నువ్వు వెళ్లు. వెళ్లి, నన్ను కుంటనివ్వు."

అక్క కన్నీళ్లు బేసినులో పడుతున్నా తుడుచుకోలేదు. తర్వాత, ఆ మెట్లెక్కడానికి నీకు ఎంతసేపు పడుతుందని అడిగింది. నువ్వు చూస్తుంటే ఒక నిమిషం, చూడకపోతే అయిదు నిమిషాలు అన్నాను. అక్క బేసినులోంచి కాళ్లు బయటికి తీసి, తుడుచుకోకుండానే తడిపాదాలతో తన గదిలోకి నడిచింది. చూస్తే తన మంచం మీది దుప్పటి లాగేసి మడతపెడుతోంది. ఇవాళ్టి నుంచి పైగది తనదని, నా బట్టలు తెచ్చి ఈ బీరువాలో పెడతానని చెప్పింది. ఆ మడమతో నువ్వెలా ఎక్కుతావంటే జవాబు చెప్పలేదు. పంతులమ్మలు అడుగుతారే గానీ జవాబులు చెప్పరు. తను మడిచిన దుప్పటి వంకరగా ఉంది. లాక్కుని నేను సరిగ్గా మడిచాను.

మర్నాడు ఆదివారం చర్చిలో, సత్ప్రసాదం అందుకునే వరసలో నేను కుంటుకుంటూ వెళ్లాను. నా వెనకే అక్క, మడమకు కట్టుతో, తనూ కుంటుకుంటూ. ఈ వారం ఇద్దరూ ఒకే జత చెప్పులు పంచుకున్నారా అని పోస్టుమాన్ గారు మెల్లగా అడిగారు. పూజ అయ్యాక ఫాదర్ గారు యాత్ర గురించి నాలుగు మాటలు చెప్పమంటే అక్క లేచి, మా చెల్లి నొప్పితోనే నడుస్తోంది, అయినా నడుస్తోంది, అందుకే వెళ్తున్నాను అని చెప్పి కూర్చుంది. చివరి బెంచీ దాకా వినపడింది. ఈసారి ఎవరూ కళ్లు తుడుచుకోలేదు. ఒక ముసలమ్మ మాత్రం జరిగి నాకు కాలు చాపుకోవడానికి చోటిచ్చింది.

పాత బూట్లు నాకే వచ్చాయి. అవి నా కాలి వంపు పట్టేశాయి, ఇక ఎవరికీ పనికిరావు. అక్క కొత్త జత కొంది. ప్రయాణానికి మూడువారాలు కూడా లేవు, కాబట్టి రోజుకు మూడుపూటలా వేసుకుని నడవాల్సిందేనని పోస్టుమాన్ గారు గట్టిగా చెప్పారు. ఈసారి బూట్లు ఇమ్మని నేను అడగలేదు, అక్కా ఇవ్వలేదు.

మంగళవారం అయిదింటికి లాండ్రీ నుంచి వచ్చాను. అలవాటుగా మెట్ల వైపు పోబోయి, గది మారిందని గుర్తొచ్చి ఆగి, కిందగదిలోకి వెళ్లి మంచం మీద వెల్లకిలా పడుకున్నాను. ఎడమకాలు దిండు మీద పెట్టుకున్నాను. కిటికీలోంచి ఇంకా ఎండ వస్తోంది. వెలుతురుండగా నేను అలా పడుకుని ఆరేళ్లయింది. అప్పుడు పైన చప్పుడు మొదలైంది. అంత మందం సోలు వేసుకుని కూడా, మడమ పుండు ఇంకా మానలేదు కాబట్టి, ఒక అడుగు చెక్క అదిరేలా పడుతోంది. ఇంకొకటి భయంభయంగా, ఆనీ ఆనకుండా. కిటికీ దాకా, మళ్లీ మంచం దాకా. నేను పైకప్పు వైపు చూస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నలభై దాటాక లెక్క తప్పాను.

చప్పుడు ఆగింది. మెట్ల మీది నుంచి అక్క గొంతు వచ్చింది.

"వినిపిస్తోందా?"

"వినిపిస్తోంది. ఎడమకాలితో కుంటుతున్నావు."

"తెలుసు" అంది అక్క, మళ్లీ నడిచింది.